రెండో గడి

గంటలో వస్తానన్నాడు తమ్ముడు. వాడి గంటలో అరవై నిమిషాలే ఉంటాయని నమ్మినవాళ్ళెవరూ ఇంతవరకూ బాగుపడలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అయినా మూడూ పదికి ఫోన్ పెట్టేసి చేతిగడియారం వంక చూసుకుంది, చూసుకున్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. యాభై రెండేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా కట్టడాలకు లెక్కలు కట్టే ఇంజనీరు, ఈ కొత్త స్వారీశాల పడమటి మూలలో, రౌతులు గుర్రమెక్కడానికి చేయించిన మూడు మెట్ల చెక్కపీట మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని, బడి వదిలినా తీసుకెళ్ళడానికి ఎవరూ రాని పిల్లలా ఎదురుచూడ్డమేమిటి! రేపు పొద్దున పదింటికి ప్రారంభం. ఎనిమిది గుర్రాలు వరసగా నడుస్తాయి, దూకుతాయి, గ్యాలరీలో రెండు వందల మంది కూర్చుని చప్పట్లు కొడతారు, అందులో సగం మంది పిల్లలు. సంచీలో ఒక కాగితం ఉంది. ఈ కట్టడం నా డ్రాయింగుల ప్రకారమే జరిగింది, ఇందులోకి మనుషుల్నీ గుర్రాల్నీ రానివ్వచ్చు అని నాలుగు ముక్కలు, కింద ఆమె సంతకానికి జాగా. రెండింటికి వచ్చింది ఆ సంతకం కోసమే. ఒకసారి చుట్టి చూసి, పెట్టేసి, ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుందామనుకుంది. చుట్టి చూస్తూ తల పైకెత్తింది. ఎత్తకపోయినా పోయేది అని ఒక్క క్షణం అనిపించింది కూడా, అలా అనిపించినందుకు ఇంకాస్త మండింది.

పదకొండు ఉక్కు చట్రాలు, తిరగేసిన పెద్ద పడవకి పక్కటెముకల్లా. ఇరవై నాలుగు మీటర్ల వెడల్పు, అరవై మీటర్ల పొడవు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. చట్రానికీ చట్రానికీ మధ్య జాగాని సైట్లో అందరూ గడి అంటారు, అలాంటివి పది. అడ్డంగా తోస్తే ఒక్కో చట్రం ఏనుగులా నిలబడుతుంది, దాని గురించి దిగుల్లేదు. పొడుగ్గా, ఈ కొస నుంచి ఆ కొసకి తోస్తేనే వస్తుంది తంటా. వెనక చెక్క కొట్టని పుస్తకాల బీరువా ఎలా పక్కకి ఒరుగుతుందో అలా పదకొండూ ఒకరి చేతులొకరు పట్టుకున్నట్టు ఒకేసారి ఒరుగుతాయి. అలా ఒరక్కుండా రెండు కొసల్లోనూ ఒక్కో గడిలో, గోడలోనూ కప్పులోనూ, ఏటవాలు ఉక్కు రాడ్లు ఒకదాన్నొకటి దాటుతూ బిగిస్తారు. కత్తెరలా ఉంటాయి కాబట్టి వాటికి కత్తెర అనే పేరు. తూర్పు కొసన తొమ్మిదో గడిలో కత్తెర ఉంది. పడమటి కొసన రెండో గడిలో లేదు. గోడలో లేదు, కప్పులో లేదు, పిచ్చుక ఎగిరితే రెక్కకి తగిలే దారప్పోగు కూడా లేదు. ఉన్నవల్లా అద్దాలు. రెండు నిలువుల ఎత్తున ఆరు అద్దాలు, రౌతులు తమ నడుం నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి. ఆ అద్దాలకి రాడ్లు అడ్డం వస్తాయని ఈ శాల కట్టిస్తున్న ఆసామి నసిగి ఉంటాడు, దానిదేముంది సార్ తీసేద్దాం అని తమ్ముడు అనుంటాడు, అలా అంటున్న గొంతు కూడా ఆమెకు వినిపించింది, పైగా వాడలా అన్నప్పుడు ఎడమచేత్తో చెవి వెనక గోక్కుంటాడు, అదీ కనిపించింది. ఇద్దరూ కలిసి అద్దాల కోసం రాడ్లు మింగేశారు.

అలాగే అక్కా. ఈ రెండు మాటలతో నలభై ఆరేళ్ళు నెట్టుకొచ్చాడు వాడు. సిమెంటు ఆరకముందే చెక్కలు తియ్యకురా, అలాగే అక్కా. ఇనుము తుప్పు పట్టకుండా కప్పి ఉంచరా, అలాగే అక్కా. పళ్ళ డాక్టరు మేడకి పదిహేడు మెట్లు గీసిస్తే పద్దెనిమిది కట్టాడు, ఆఖరి మెట్టు పైగది గచ్చుకన్నా జానెడు ఎత్తున లేచి, గదిలోకి అడుగు పెట్టేవాడు ముందు ఎక్కి తర్వాత దిగాలన్నట్టు నిలబడింది. ఇదేంట్రా అంటే, ఒక మెట్టు ఎక్కువైతే నష్టమేముందక్కా, ఎక్కువిచ్చాం గానీ తక్కువివ్వలేదు కదా అన్నాడు. నవ్వాలో నెత్తిన మొట్టాలో తెలీక ఆమె ఆ మెట్టు మీదే కూలబడింది. చిన్నప్పుడూ అంతే. ఆమెకు పన్నెండు, వాడికి ఆరు, ఎక్కాలు అప్పజెప్పించుకునే డ్యూటీ ఆమెది. ఏడెనిమిదులెంతరా అంటే పలక వంక కాకుండా ఆమె మొహం వంక చూసేవాడు, ఆమె కనుబొమలు ఎటు కదులుతాయో కనిపెడుతూ, యాభై... రెండు... నాలుగు... ఆరు అని చీకట్లో గోడ తడుముకున్నట్టు తడుముకుంటూ వచ్చేవాడు. కనుబొమలు కదపకుండా ఉంటే వాడికి ఒక్క ఎక్కమూ రాదు. లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పి, వెల్డింగు నేర్చుకుని, నలుగురితో మొదలుపెట్టి నలభై మందిని పోషించే కంట్రాక్టరయ్యాడంటే అది వాడి చేతి చలవే, కాదనదు. వాడు వేసిన అతుకు ఉక్కుకన్నా గట్టిగా ఉంటుంది. కానీ అతుకు ఎక్కడ వెయ్యాలో ఎవరో ఒకరు చెప్పాలి, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆమే, ఆ చెప్పడంలోనే జుట్టు నెరిసిపోయింది. అమ్మనడిగితే, వాడికి నీ మాటంటే గురి తల్లీ, కసురుకోకు అంటుంది. గురి! గురి ఉన్నవాడు రాడ్లు మింగుతాడా?

అసలు ఈ పనే మొదటిరోజు నుంచీ ఇంతే. బిస్కట్ల ఫ్యాక్టరీ ఆసామి, గుర్రాలంటే పిచ్చి, కట్టడాలంటే చులకన. మొదటిసారి కలిసినప్పుడు, గుర్రాలు తిరగడానికి కొట్టమే కదమ్మా, నాలుగు స్తంభాలు పాతి పైన రేకులు కప్పితే సరిపోదూ అన్నాడు. సరిపోదు సార్ అంది. మధ్యలో ఒక్క వరస స్తంభాలు పెట్టుకుంటే ఉక్కు సగానికి సగం తగ్గుతుందట కదా, ఎవరో చెప్పారు, గుర్రానికి కళ్ళుంటాయి కదా, తప్పుకుని పోదూ అన్నాడు. స్వారీ నేర్పే మాస్టారు పక్కనే ఉన్నాడు, పొట్టి మనిషి, పూర్వం పందేల్లో స్వారీ చేసినవాడు, నడుస్తుంటే ఇప్పటికీ కాళ్ళ మధ్య గుర్రం ఉన్నట్టే నడుస్తాడు. "గుర్రానికి కళ్ళుంటాయి సార్, ఎక్కినవాడికే ఉండవు" అన్నాడాయన. అప్పటికి స్తంభాలు తప్పాయి. తర్వాత గోడ వెంబడి చెక్క దడి నిలువుగా గీస్తే మాస్టారు ఒప్పుకోలేదు, పైభాగం బయటికి వాలాలి, లేకపోతే రౌతు మోకాలు గోడకి రాసుకుని చిట్లుతుందన్నాడు. అది న్యాయమే, మార్చింది. తర్వాత వెలుగు కోసం కప్పులో అక్కడక్కడ గాజులాంటి రేకులు పెట్టించింది, ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోతుండగా మాస్టారు బూడిదరంగు ఆడగుర్రాన్ని లోపలికి తీసుకొచ్చాడు. ఇసక మీద ఎండ చారలు చారలుగా పడుంది. గుర్రం మొదటి చార దగ్గర ఆగిపోయింది. అది చార కాదు, దాని కంటికి గొయ్యి. వెనక్కి జంకింది, ముందుకాళ్ళు లేపింది, ఆఖరికి ఆ లేని గొయ్యి మీంచి పెద్ద కాలవ దాటినట్టు ఒక్క గెంతు గెంతింది. మాస్టారు ఆమె వంక చూశాడు. రేకులన్నీ పీకించి చూరు కింద బారుగా, ఎండ నేరుగా పడని చోట పెట్టించాల్సొచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో గుర్రం చేత డ్రాయింగు దిద్దించుకున్న ఇంజనీరు తనొక్కతే అయి ఉంటుంది.

అది అయిందనుకుంటే ద్వారం. గుర్రాల లారీ నేరుగా లోపలికి రావాలట. పడమటి కొసన మొదటి గడిలో ఉన్న చిన్న తలుపు చాలదట. నాలుగు నెలల కిందట, చట్రాలు ఇంకా నిలబెడుతుండగా ఆసామికి ఈ ఆలోచన పుట్టింది, కాస్త వెడల్పు చెయ్యడమే కదమ్మా, రబ్బరుతో చెరిపి గీస్తే అయిపోతుంది అన్నాడు, రబ్బరుతో! మొదటి గడిలో ఉన్న కత్తెర తీసెయ్యాలి, రెండో గడిలోకి మార్చాలి, గాలి బరువు కొత్త దారిలో నేలకి దిగుతుందో లేదో మళ్ళీ లెక్క కట్టాలి. కట్టింది. దిగుతుంది. అంత కష్టపడి మారిస్తే, ఇదిగో, అద్దాలు.

రేకుల మీద గాలి ఒక్కసారి అరచేత్తో చరిచినట్టు చరిచింది. ఆమె తల తిప్పింది. ఎదురుగా అద్దాల్లో తన బొమ్మ కనిపించింది, పసుప్పచ్చ టోపీ కింద బిగుసుకుపోయిన మొహం, అచ్చు అమ్మ పప్పు మాడ్చినప్పటి మొహం. ఆ మొహం చిన్నగా అదిరింది. తను కదల్లేదు. అద్దం కదిలింది. అద్దం బిగించిన చట్రం కదిలింది. లేచి వెళ్ళి గోడ పక్క చట్రపు స్తంభం పైనుంచి దారానికి ఇత్తడి గుండు వేలాడదీసి, గుండు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టుకుని చూసింది. స్తంభానికీ దారానికీ మధ్య, పైకీ కిందికీ వేలెడు తేడా. మూడువారాల కిందట కొలిచినప్పుడు గోరెడు కూడా లేదు. పెద్ద ద్వారం మధ్యాహ్నమయ్యేసరికి ఇరుక్కుపోతోందని మాస్టారు మూడుసార్లు చెప్పాడట, వడ్రంగి వచ్చి మూడుసార్లు చిత్రిక పట్టి పోయాడట, చెక్క ఉబ్బిందన్నాడట. ఎండాకాలంలో చెక్క ఉబ్బడం ఎక్కడైనా ఉందా? ఉబ్బింది చెక్క కాదురా నాయనా, వంగింది చట్రం. ఈ మాట ఒక్కడికైనా తట్టలేదు. ఇవాళ గాలి పిల్లగాలి, ఈమాత్రానికి రేకులూ వాటి కింది సన్నటి పట్టెలూ కలిసి ఎలాగో ఓర్చుకుంటున్నాయి. రేపు మధ్యాహ్నానికి గట్టి గాలివాన అని పొద్దుటి నుంచీ రేడియో మొత్తుకుంటోంది. పడమటి గోడ మీద ఆ గాలి పడితే, అడ్డుకునే కత్తెర దగ్గర్లో లేక, ఆ తోపంతా సన్నపట్టెల వెంట అరవై మీటర్లు పాక్కుంటూ తూర్పు కొసకి పోవాలి. ఆ పట్టెలు అంత బరువు మొయ్యడానికి పుట్టినవి కావు. ఎక్కడో ఒక చోట మడత పడుతుంది ఒకటి, దాన్ని చూసి దాని పక్కది. కింద ఎనిమిది గుర్రాలు. గ్యాలరీలో పిల్లలు. ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది.

ఇసకలో మెత్తటి అడుగుల చప్పుడు. మాస్టారు బూడిదరంగు గుర్రాన్ని కళ్ళెం పట్టుకు నడిపిస్తూ తూర్పు నుంచి వస్తున్నాడు. సగం దూరం వచ్చి గుర్రం ఆగిపోయింది.

"మూడు రోజుల్నుంచీ ఇదే వరసమ్మా," అన్నాడు దూరం నుంచే. "ఇటు కొసకి రానంటోంది. ఎక్కడో కీచుమంటోంది, దానికి పడట్లేదు. మీ చారలు తీసేశారు కదా, ఇంకేం ఉందో చూడండి."

"మాస్టారూ, గుర్రాలన్నిటినీ బయటికి తీసుకెళ్ళండి. పాత కొట్టంలోకి."

"ఇప్పుడా? రేపటికి ఇంకా రిహార్సల్ కాందే!"

"రేపటి సంగతి తర్వాత. ఇప్పుడైతే తీసుకెళ్ళండి, దణ్ణం పెడతాను."

ఆయన ఆమె మొహం చూశాడు, పైన కప్పు చూశాడు, ఇంకేమీ అడక్కుండా గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. అది ఎంత ఉత్సాహంగా తిరిగిందంటే, అంతకన్నా అవమానం ఒక కట్టడానికి ఉండదు.

మూడూ నలభై. వాడింకా ఎక్కడున్నాడో. ఫోన్లో అన్నదేమిటి? కత్తెర లేదేంట్రా రెండో గడిలో అంటే, అవునా అక్కా అన్నాడు, గంటలో వస్తున్నా అన్నాడు. అవునా అట! తనకేం తెలీనట్టు. రానీ. ఏమనాలో వరసగా పేర్చుకుంది. ముందు చల్లగా మొదలుపెట్టాలి, గొంతు పెంచకూడదు, పెంచితే వాడు తల దించుకుంటాడు, తల దించుకుంటే ఆమెకు జాలేస్తుంది, జాలేస్తే మొత్తం చెడుతుంది. చల్లగా, డ్రాయింగు తీసి వాడి ముందు పరిచి, ఎర్రసిరా పెన్నుతో రెండో గడిలో కత్తెర చుట్టూ సున్నా చుట్టి, ఇదేంటో చదువు అనాలి. నోరు విప్పి చదివించాలి. రెండు గీతలు, ఒకదాన్నొకటి దాటే రెండు గీతలు, ఏనుగంత కనిపిస్తుంటే ఎలా వదిలేశావు, ఎవరు వదిలెయ్యమన్నారు, ఆసామి అడిగితే నాకొక్క మాట చెప్పాలని తోచలేదా అని. ఆ తర్వాత నీకూ నాకూ ఈ పనులు సరిపడవురా, ఇంకొకర్ని చూసుకుంటాను అనాలి. అనగలదా? అన్నాక ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పాలి? తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, ఇప్పుడిప్పుడే చేతికర్రతో వరండా దాకా నడుస్తున్న మనిషికి? చెప్పాలి. జాలి వల్లే ఇంతదాకా వచ్చింది. పనివాళ్ళ షెడ్డులో గోడకి కొట్టిన డ్రాయింగు కాపీ ఉంది, వాడి మనుషుల వేలిముద్రలూ టీ మరకలూ అన్నీ దాని మీదే, అదే తెద్దాం, సాక్ష్యంగా కూడా ఉంటుంది. వెళ్ళి మేకులు పీకి తెచ్చింది. చెక్కపీట మీద పరిచింది. పెన్ను మూత పళ్ళతో లాగింది.

రెండో గడి ఖాళీగా ఉంది.

మడత వల్ల కనిపించలేదేమోనని అరచేత్తో సాపు చేసింది. టీ మరక కింద ఉందేమోనని కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మొదటి గడిలో పెద్ద ద్వారం, కొలతలన్నీ చక్కగా. తొమ్మిదో గడిలో కత్తెర. రెండో గడిలో తెల్లకాగితం. పాత కాపీ అయ్యుంటుందిలే అనుకుంది, కింద చూసింది, మూడో సవరణ, పడమటి ద్వారం వెడల్పు, దానికింద ఆమె పొట్టి సంతకం. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి తెరిచింది, ఆఫీసు కాపీ చూసింది, అక్కడా అదే తెలుపు. లెక్కల ఫైలు తెరిచింది. అక్కడ ఉంది కత్తెర, రెండో గడిలో, రాడ్డు లావు, బిగింపు, నేలకి దిగే బరువు, అంతా ఉంది, ఒక్క అంకె తప్పులేదు. లెక్క కట్టింది. మొదటి గడిలోది చెరిపింది. రెండో గడిలో గీయలేదు. తేదీ చూసింది. చూడక్కర్లేదు, చూడకముందే తెలిసిపోయింది. ఆసుపత్రి వరండా, వరసగా అతికించిన ఉక్కు కుర్చీలు, మందుల వాసన, ఒళ్ళో ల్యాప్‌టాప్. లోపల అమ్మకి ఆపరేషను. పక్కన తమ్ముడు, అమ్మ చెప్పులు ఒక చేతిలో, కళ్ళజోడు ఒక చేతిలో పట్టుకుని, కింద పెడితే ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. అక్కా, ద్వారం డ్రాయింగు రేపు కావాలి గానీ, నీకు కుదరకపోతే పని రెండ్రోజులు ఆపుతాలే అన్నాడు. నాకు కుదరకపోవడమేంట్రా, నువ్వు నోరు మూసుకుని కూర్చో అంది. చెరిపింది. అప్పుడే తలుపు తీసి నర్సు, అమ్మగారి తాలూకు ఎవరండీ అని పిలిచింది. లేచింది. లేస్తూ లేస్తూ, అయిపోయిందనుకుని, పంపేసింది.

గాలి మళ్ళీ చరిచింది. అద్దంలో టోపీ అదిరింది. మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపమే, ఇంకా కోపమే, నర్సు మీద, ఆసామి రబ్బరు మీద, ఆ చెప్పులు పట్టుకు కూర్చున్నవాడి మీద, పోనీ పక్కనే ఉండి చూడొచ్చు కదా వెధవ అని. ఆ తర్వాత కోపానికి పట్టుకోడానికి ఎవరూ దొరక్క, తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చి కూర్చుంది. అది కూర్చున్నాక ఇంకొకటి వచ్చింది, మెల్లగా, పిల్లిలా. వాడు ఒప్పుకుంటాడు. నువ్వే మర్చిపోయావురా అంటే, అలాగే అక్కా అంటాడు. డ్రాయింగు తీసి చూడడు. చూసినా నోరెత్తడు. ఆఫీసు కాపీలో రెండు గీతలు గీసి తేదీ అలాగే ఉంచితే పది నిమిషాల పని, షెడ్డు కాపీ ఈ టీ మరకలతో సహా సంచీలోకి పోతే ఇంకెవరికీ ఏమీ తెలీదు. ఆసామి వాణ్ణి నాలుగు మాటలంటాడు, వాడు చెవి వెనక గోక్కుంటాడు, రాడ్లు బిగిస్తాడు, అయిపోతుంది. మెట్ల సంగతి చెప్పుకుని నవ్వినట్టే నలుగురూ దీన్నీ చెప్పుకుంటారు. ముప్పై ఏళ్ళ పేరు అలాగే ఉంటుంది. ఇంత సుళువుగా ఉందేమిటి అనిపించింది ఆమెకు, ఇది ఇంత సుళువుగా ఎందుకు తోచింది, మొదటిసారి తోచినట్టు లేదేమిటి, ఇదివరకు ఎన్నిసార్లు ఇలా జరిగుంటుంది, తను చూడకుండానే, వాడు తల దించుకుంటుండగానే, ఎన్ని తప్పులు వాడి ఖాతాలోకి నడిచి వెళ్ళి ఉంటాయి? పెన్ను మూత పెట్టేసింది.

నాలుగూ ఇరవైకి బయట లారీ ఆగిన చప్పుడు. గంటా పది నిమిషాలు, అంటే వాడి లెక్కలో ముందే వచ్చినట్టు. పెద్ద ద్వారం భుజంతో తోసుకుని లోపలికి వచ్చాడు, బట్టతల మీద చెమట, వెనక ఇద్దరు ఫిట్టర్లు ఉక్కుతాళ్ళ చుట్టలు మోసుకుంటూ.

"తప్పు నాదే అక్కా," అన్నాడు ఇంకా పదడుగుల దూరం ఉండగానే. "ఎక్కడో మర్చిపోయుంటాం. దారిలో గోడౌన్ దగ్గరాగి తాళ్ళూ, బిగించే మరలూ పట్టుకొచ్చా. రాడ్లు తయారయ్యేదాకా వీటితో లాగి కడదాం. ఎక్కడ కట్టాలో చెప్పు చాలు. తిట్టేది తర్వాత తిడుదువుగాని."

"డ్రాయింగు చూశావా?"

"చూడ్డమెందుకు? నువ్వు లేదన్నావు కదా."

ఆమె కాగితం అందించింది. వాడు అలవాటు చొప్పున ముందు ఆమె మొహం చూశాడు, తర్వాత కాగితం చూశాడు. రెండో గడి మీద వేలు పెట్టాడు. వేలు అక్కడే ఉంది.

"ఇందులో లేదేంటి?"

"లేదు. నేను గీయలేదు. తప్పు నాది."

వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఆమె ఇంకెవరితోనో అంటున్నట్టు. వెనక ఫిట్టర్లు తప్ప ఎవరూ లేరు. వాళ్ళిద్దరూ బూట్లలో పడ్డ ఇసక దులుపుకోవడంలో మునిగిపోయారు.

"ఆగాగు," అన్నాడు తమ్ముడు. "గుర్తొచ్చింది. వీడు అడిగాడక్కా అప్పుడు." పెద్ద ఫిట్టర్ని చూపించాడు. "మొదటి గడిలోది తీసేశారు, పక్క గడిలో ఏం పెట్టలేదేంటన్నా అని. మా అక్క గీసిందిరా, ఏదో లెక్కుంటుంది అన్నాను."

"మరి నన్నడగొచ్చు కదరా! ఒక్క ఫోను! ఒక్క మాట! నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"అడిగితే తిడతావు కదక్కా."

నిష్ఠూరంగా అనలేదు. వానొస్తే తడుస్తాం కదక్కా అన్నట్టు అన్నాడు. అనేసి, తాళ్ళ చుట్ట ఒకటి ఫిట్టరు భుజం మీంచి దించి చివర వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆమెకు చాలా మాటలు వచ్చాయి, అన్నీ గట్టివే, ఏదీ వాడిమీద పనికొచ్చేది కాదు. పళ్ళ డాక్టరు మెట్ల సంగతి అడుగుదామా అనుకుంది. ఆ జవాబు కూడా ఇవాళే వినే ఓపిక లేదు.

ఆసామికి ఫోన్ చేసింది. రేపు తెరవడానికి వీల్లేదు సార్ అంది. అవతల బిస్కట్ల యంత్రం రొద, దానిమీద ఆయన రొద. పిలుపులు వెళ్ళిపోయాయి, కుర్చీలు వచ్చేశాయి, ఇప్పుడా చెప్పేది అన్నాడు. అవును సార్, ఇప్పుడే, ఇప్పుడైనా కనిపించినందుకు సంతోషించండి, నిన్నటిదాకా కనిపించలేదు, పిల్లల నెత్తిమీద ఆ కప్పు పెట్టి నేను సంతకం చెయ్యను అంది. రొద కాస్త తగ్గింది. అద్దాలు దింపాలి, వాటి వెనక రాడ్లు బిగించాలి, మూడు వారాలు పడుతుంది అంది. అద్దాలా అని మూలిగాడు. చివరికి, "ఎవరి తప్పమ్మా ఇది?" అన్నాడు.

"నాదే సార్."

అవతల నిట్టూర్పు. "మీరు పెద్దమనిషి. తమ్ముణ్ణి కాపాడుకుంటున్నారు. నాకు తెలీదా?"

"కాదు సార్. నిజంగా నాదే. డ్రాయింగులో నేనే గీయలేదు."

"సర్లెండమ్మా. తోడబుట్టినవాళ్ళన్నాక ఆమాత్రం ఉండాలి. అతనికి మాత్రం గట్టిగా చెప్పండి."

"సార్, వినండి..." పెట్టేశాడు. ఆమె ఫోను వంక చూసింది. జన్మలో ఒక్కసారి తప్పు ఒప్పుకుందామంటే నమ్మే నాథుడు లేడు! సంచీలోంచి సంతకం కాగితం తీసి, తిరగేసి, మూడో సవరణలో కత్తెర గీయకపోవడం పూర్తిగా నా పొరపాటు, కంట్రాక్టరు డ్రాయింగు ప్రకారమే కట్టాడు అని రాసి, ఈసారి పొట్టిది కాదు, పూర్తి సంతకం పెట్టి, తేదీ వేసి, ఫొటో తీసి ఆసామికి పంపింది. తమ్ముడికీ పంపింది. వాడి జేబులో ఫోను కుయ్యిమంది, వాడు నిచ్చెన మీద ఉన్నాడు, చూసుకోలేదు.

అయిదున్నరకల్లా అద్దాలు ఆరూ గోడకి చేరగిలబడి కూర్చున్నాయి, తొక్కిన ఇసకనీ, తిరిగే బూట్లనీ చూపిస్తూ. కప్పులో రెండు తాళ్ళు ఆమె నోటిమాట మీద అప్పటికే బిగించారు. మిగతావీ కలిపి తాళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికో చూపించడానికి ఆమె ఇంకో కాగితం మీద గడి బొమ్మ గీసింది. రెండు గీతలు, ఒకదాన్నొకటి దాటుతూ, గోడలో. ఇంకో రెండు కప్పులో. గీసి, పొట్టి సంతకం పెట్టబోయి, ఆగి, వాణ్ణి నిచ్చెన దిగమంది.

"చూడు."

"బాగుందక్కా."

"చూడకుండా బాగుందనకు. చూసి చెప్పు."

వాడు చేతులు ప్యాంటుకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. ఆమె మొహం వంక చూడబోతే ఆమె కావాలని పక్కకి తిరిగి గుండు కేసి చూడసాగింది. గాలి లేచింది, రేకులు చరుచుకున్నాయి, మొదట బిగించిన తాడు ఒకటి ఉమ్మని మోగింది, గుండు మాత్రం ఉన్నచోటే ఉంది.

"అక్కా, తాడు కింది కొస స్తంభం మొదట్లో కట్టమన్నావు," అన్నాడు వాడు మెల్లగా. "పైకొస మాత్రం కప్పు దూలం కలిసే అతుక్కి జానెడు కింద చూపించావు. అతుకు మీదే ఎందుక్కాదు?"

ఎందుక్కాదంటే అక్కడ బోల్టులున్నాయి కాబట్టి, కళ్ళు లేవా, నాలుక చివరిదాకా వచ్చింది. మింగింది. కాగితం లాక్కుని, బోల్టులు ఎక్కడున్నాయో గీసి, తాడు కొక్కెం వాటికి తగిలితే ఏమవుతుందో గీసి, అంత కిందికి దించినందువల్ల స్తంభం మీద ఎంత బరువు పెరుగుతుందో, అది ఎందుకు పరవాలేదో పావుగంట చెప్పింది. వాడు కనుబొమలు ముడిచి విన్నాడు. పెద్ద ఫిట్టరు కూడా వచ్చి భుజం మీంచి తొంగిచూశాడు. అర్థమైందా అంటే అయిందన్నాడు. నిజంగానే అయినట్టుంది, కొక్కెం ఇటు తిప్పి పెడితే ఇంకో బెత్తెడు పైకి జరపొచ్చన్నాడు. చూసింది. జరపొచ్చు. జరిపి గీసింది. పొద్దు వాలుతోంది, నడుం లాగేస్తోంది, ఇంకా రెండు తాళ్ళు బిగించాలి, రేపటి గాలి రేపటిదాకా ఆగుతుందో లేదో తెలీదు.

సంతకం పెట్టి కాగితం వాడి చేతికిచ్చింది. వాడు నిచ్చెన దాకా వెళ్ళాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఆగి, ఎడమచేత్తో చెవి వెనక గోక్కున్నాడు.

"అక్కా, ఇంకోటి అడగనా?"

ఆమె కళ్ళు మూసుకుంది. "అడుగు," అంది పళ్ళ బిగువున.